రంగు నిలిచే వేడి

నలభై రెండు డిగ్రీలంట, అంది నర్సు.
వేళ్ళ మీద లెక్కేసుకున్నా:
మా బ్యారన్ లెక్కలో నూట ఏడు.
పచ్చాకు పసుపు తిరిగాక
రంగు నిలిపే వేడి.

కొండపిలో ముప్పై రెండేళ్ళు
పొయ్యి ముందు నిద్ర కాసినోణ్ణి.
మా నాయనకి థర్మామీటరు లేదు,
గోడకి అరచెయ్యి ఆనిచ్చి చెప్పేవోడు
కట్టె ఎగదొయ్యాలో, వెనక్కి లాగాలో.
నెల్లూరు ఆసుపత్రిలో
ఆపరేషను గది తలుపుకి చెయ్యి ఆనిచ్చా.
చల్లగా ఉంది.

చేతి నరంలో ఎక్కించిన మందు
ఆరు విడతలు ఒళ్ళంతా తిరిగి
జుట్టు తీసుకుంది, నాలిక మీద ఉప్పు తీసుకుంది,
పొట్టలో గింజల్ని మాత్రం వదిలేసింది.
ఈసారి ఊరంతా తిప్పం, అన్నాడు డాక్టరు.
కనిపించినవి కోసి తీస్తాం,
కనిపించని వాటి కోసం
మందుని వేడిచేసి పొట్టలోనే పోసి
గంటన్నర
ఇటూ అటూ ఊపుతాం.
కుండ తొలిపినట్టా, అన్నా.
ఆయన నవ్వలేదు. అట్టాగే, అన్నాడు.

మార్తమ్మా,
నువ్వు కర్రకి ఆకు అల్లేటప్పుడు
ఒక్కటి మడతపడినా
విప్పి మళ్ళీ కట్టేదానివి.
మడతలో తేమ దాక్కుంటుంది, అనేదానివి.
నీ పొట్టలో ఎన్ని మడతలున్నాయో
వాళ్ళకి ఎవరు చెప్పారో.

ఆకు మీద నేరం మోపుదామనుకున్నా.
దానికీ దీనికీ సంబంధం తెలియదన్నాడు డాక్టరు.
లేదని అనలేదు.
వేలంలో మన బేలు నో బిడ్ అయిన రోజులాగా
ఎవర్ని తిట్టాలో తోచలేదు.

గంటన్నర.
పొయ్యి దగ్గరైతే కట్టె నా చేతిలో ఉండేది.
ఇక్కడ కుర్చీ కింద మన క్యారేజీ,
ఎదురు గోడకి గడియారం.
బ్యారన్ అద్దంలోంచి ఎర్రగీతని చూసినట్టు
దాని ముల్లునే చూస్తా కూర్చున్నా.

బయటికొచ్చి మాస్కు దించి అన్నాడు:
శుభ్రం చేశాం. మిగతాది కాలం చెప్పాలి.
ఎంత కాలం అని అడగలేదు.

మంట ఆర్పినాక ఆకుని వెంటనే ముట్టుకోరు.
ముట్టుకుంటే పొడైపోద్ది.
తలుపులు తీసి, ఓ రాత్రి మంచు తగలనిచ్చి,
మెత్తబడ్డాకే కర్ర దించుతారు.

అద్దం అవతల నువ్వు, గొట్టాల మధ్య.
కాస్త కిటికీ తియ్యమ్మా, అన్నా నర్సుతో.
ఇక్కడ కిటికీలు తెరుచుకోవు తాతా, అంది.