మాల్యాద్రి పేరున

ట్రస్టు అంటే నమ్మకమని
ఒంగోలు కర్నూలు రోడ్డులో, రెండో అంతస్తులో,
కళ్లద్దాల లాయరు చెప్పాడు.
నా చేతికిస్తే నమ్మకం లేకనే
దానికా పేరు పెట్టారు కాబోలు.

చీమకుర్తి గుంతలో
బెంచీ విరిగి మా ఆయన మీద పడిన రోజు
రాయి మంచి రాయేనంట,
నలుపులో చుక్కలు చుక్కలుగా మెరుస్తా ఉందంట.
దాన్ని కోసి ఓడెక్కించి పంపారు.
ఆయన్ని మేం పంపించుకున్నాం.
రాయికెంతొచ్చిందో ఎవరూ చెప్పలా.
ఆయనకెంతో మాత్రం కాయితం మీద రాశారు,
ఆ కాయితం మాల్యాద్రి పేరున.

వాడికి పదకొండేళ్లు.
మెడ నిలబడదు. అన్నం మెత్తగా పిసికి పెట్టాలి.
ఎడం చెయ్యి ఎప్పుడూ గుప్పెటే,
లోపల ఏదో దాచుకున్నట్టు.
నెలనెలా వాడి ఖాతాలో నాలుగువేలు పడతాయి.
కాళ్లు సాగదీసే డాక్టరమ్మకి,
ఒంగోలు ఆటోకి, డైపర్లకి.
ఇరవయ్యో తారీకుకల్లా
ఎండాకాలం గుండ్లకమ్మ.
అసలు ఎట్టా ఉంటదో నేను చూళ్లా.
పక్కింటోళ్ల గేదె పాలు పితికే చప్పుడు విన్నట్టు
దాని సంగతి వింటన్నా, అంతే.

మొన్న రేషన్ షాపులో
నా కార్డు నంబరు కొట్టి తల అడ్డంగా ఊపాడు.
సచివాలయానికి పోతే
తెర చూసి, నవ్వాపుకుంటా, అక్కడి అమ్మాయి
"అత్తా, మీ ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లున్నారు."
ఎవరమ్మా?
"వల్లెపు మాల్యాద్రి."

వెనక్కి తిరిగి చూశా.
చక్రాల కుర్చీలో, చొల్లు కార్చుకుంటా, దొర.
పన్ను అంటే నాకు
వాడి నోట్లో ఊగతా ఉన్న దవడపన్నే గుర్తొచ్చింది.

అసలు మీద వడ్డీ వచ్చిందంట.
వడ్డీలో బ్యాంకోళ్లు పదో వంతు కోశారంట.
కోసినందుకు వాడు పన్ను కట్టినోడయ్యాడంట.
పింఛను సంగతి వచ్చే నెల చూస్తారంట.
అది నీ డబ్బు కాదమ్మా అని ఒంగోలులో అన్నారు,
మీ ఇంటి డబ్బే గదా అని ఇక్కడంటన్నారు.
అక్కడా వేలిముద్ర నాదే,
ఇక్కడా నాదే.

రాళ్లు కొట్టేవాళ్లింట్లో పుట్టా.
సుత్తి మోత విని
రాతిలో చీలిక యాడుందో చెప్పగలను.
ఈ లెక్కలో దొరకటం లా.

లాయరుకి ఫోన్ చేశా.
"ఖాతాలో వెయ్యకుండా నేరుగా డాక్టరుకే కడితే
మీకు వచ్చినట్టు ఉండకపోవచ్చమ్మా."
ఉండకపోవచ్చు.
ఆటో సుభానికి చెక్కు రాస్తారా సార్?
రాత్రిపూట జొరమొస్తే
ఎవరి పేరున కడతారు?
చూద్దాం అన్నాడు.

అర్జీ రాయించా.
రాసే పిల్ల రెండుసార్లు ఆగింది,
"ఇట్నే రాయమంటావా పిన్నీ?"
ఇట్నే రాయి.
"అయ్యా, నా బిడ్డకి డబ్బులు పంపవద్దని ప్రార్థన.
కార్డు తిరిగొచ్చేదాకా."
మా అత్త విని,
"కోటీశ్వరుడి తల్లివయ్యావే" అని
కొంగు నోట్లో కుక్కుకుంది.
నవ్విందో ఏడ్చిందో.
ఆ పొద్దు సోలెడు బియ్యం
కోటమ్మ కాడ చేబదులు.

ఇవాళ మళ్లీ వేలిముద్ర.
కుడి చెయ్యి ముద్రలు చెరిగిపోయాయంట,
ఎడందే కావాలంట.
సీసాలో వేడినీళ్లు తెచ్చుకున్నా.
తడిగుడ్డ చుట్టి, కాసేపుంచి,
గుప్పెట్లో ఒక్కో వేలూ విప్పా.
లోపల చెమట తప్ప ఏమీ లేదు.
గాజు మీద పెట్టా.

"మళ్లీ ప్రయత్నించండి" అంది మిషను.

మాల్యాద్రికి ఆ గొంతంటే ఇష్టం.
అది పలికినప్పుడల్లా
లైనులో వాళ్లంతా తిరిగి చూసేటట్టు నవ్వుతాడు.

మళ్లీ పెట్టా.