ఇటు తడవదు

ఆదివారం తెల్లారకముందే
త్రిస్తాన్ నర్వాహా వీధిలో దుప్పటి పరుస్తాను.
చెవులు పోగొట్టుకున్న తాళాలు, ముల్లు లేని గడియారం,
ఎవరి పెళ్ళిదో తెలీని వెండి చెంచా,
వాటి మధ్య మూడు రిసీవర్లు,
మొహం మీద ఒక్క గుండ్రటి మీటతో
నల్ల కుక్కల్లా ముడుచుకుని.

జూలై నెల. మోంతెవిదేయోకి ఇదే చలికాలం.
నది మీంచి వచ్చే గాలి
ముందు వేళ్ళనే కొరుకుతుంది.

అతను వంగి చూశాడు. పేరు విల్మార్ అట.
ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో మిషను నడిపానని
నేనడక్కుండానే చెప్పాడు.
ఆ హాల్లో ఇప్పుడు కార్లు నిద్రపోతున్నాయట.
"తెర ఉన్న చోట డబ్బు కట్టే కిటికీ" అని నవ్వాడు.
పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ.

పై అంతస్తు వాళ్ళు ఇల్లు మారుతూ
అయిదు స్పీకర్లు మెట్ల మీద వదిలేసి పోయారట.
ఎడ్లు ఊరికే వచ్చాయి, బండే లేదు.
జేబులో నాలుగు వేల పెసోలు,
రబ్బరు బ్యాండు రెండు చుట్లు.

మొదటిది ఏడు చానెళ్ళది.
కప్పు మీంచి కూడా చప్పుడు దింపుతుంది.
ధర చెప్పాను. టోపీ సర్దుకున్నాడు.
రెండోది అందగాడు, కానీ కాలిపోతాడు,
వీపు మీద గుడ్డు పోసి అట్టేసుకోవచ్చు.
ఆ మాటా చెప్పేశాను.
సరుకు గుట్టు నోట్లో దాచుకోలేను,
అందుకే ఇరవై ఏళ్ళుగా దుప్పటి మీదే ఉన్నాను.

"ఇది వంద వాట్లా?" మూడోదాన్ని తట్టాడు.
కాగితం మీద వంద.
అయిదూ ఒక్కసారి గొంతెత్తితే నలభై.
కాగితం మీద నేనూ ఆరడుగులు.

ఇంకో సంగతి, అన్నాను,
దీనికి వెనక ఎడమవైపు చానెలు చచ్చిపోయింది.
లోపలి ముక్క ఎక్కడా దొరకదు, వెతికాను.
అతను తల తిప్పి కుడి చెవి నాకిచ్చాడు:
"మళ్ళీ చెప్పు. ఎడమది
మిషను పక్కనే వదిలేసి రిటైరయ్యాను."

వచ్చిన ప్రతివాడూ పేలుళ్ళ సంగతే అడుగుతాడు,
గోడ అదరాలంటాడు, పక్కింటివాడు లేవాలంటాడు.
ఇతను అడిగింది ఒక్కటే.
"మాటలు వినిపిస్తాయా?
మా నీబియా పెదాలు చూసి కథ అల్లుకుంటోంది.
మొన్న హంతకుణ్ణి
పెళ్ళికొడుకనుకుంది."

ఎంపనాదాల బండి నుంచి వైరు లాగాను.
మధ్య స్పీకరు ఒక్కటే తగిలించి
దాని మీట రెండు గీతలు పెంచాను.
రేడియోలో ఎవరో గోధుమల ధర చదువుతున్నాడు,
ఒక్కో అక్షరం కడిగి ఆరేసినట్టు.
విల్మార్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
ధరలయ్యాక వాతావరణం కూడా మొత్తం విన్నాడు.

మూడు వేల ఆరొందలకి తెగింది.
మిగిలినది వైర్లకీ బస్సుకీ.
రిసీవర్ని కోటులో చుట్టి
తను చొక్కాతో వెళ్ళాడు, ఆ గాలిలో.

మూడు వారాలకి మళ్ళీ కనిపించాడు.
తిరిగిచ్చేస్తాడని, నిజం చెప్పొద్దూ,
దుప్పటి అంచు మడవడం మొదలుపెట్టాను.
చేతిలో మాత్రం నూనె దిగిన కాగితం పొట్లం,
లోపల ఇంకా వెచ్చటి తోర్తా ఫ్రీతాలు.
నీబియా పంపిందట.

ఇప్పుడు హంతకుణ్ణి తనకంటే ముందే పట్టేస్తోందట,
పట్టేసి ఊరుకోదట, పేరు చెప్పేస్తుందట,
సినిమా పాడైపోతోందట.
వానొస్తే గదిలో కుడివైపే కురుస్తుందట.
ఆవిడ ఎడమ కుర్చీలో ఊలు ముందేసుకుని
"ఇటు తడవదు, నువ్వూ రా" అంటుందట.

ఏడు చానెళ్ళది పోయిన వారం ఎవరో పట్టుకెళ్ళారు,
బేరమాడకుండా, పేరు చెప్పకుండా.
రెండోది ఇంకా నా దగ్గరే.
ఎంపనాదాల వాడు వైరిచ్చిన రోజుల్లో
దాన్ని వెలిగించి, ఏ స్పీకరూ తగిలించకుండా,
రెండు చేతులూ దాని వీపు మీద పెట్టుకుంటాను.