మూయ్

లేయ్నాకి రెండేళ్ల ఉద్యోగం ఇచ్చారు.
పధ్నాలుగు నెలలు అయిపోయాయి.
ఫొటోకాపీ యంత్రం పక్కన బల్ల,
ఎవరో వదిలేసిన కుర్చీ, దానికి ఒక చక్రం లేదు.
ఏం పని చేస్తావని బస్సులో ఎవరైనా అడిగితే
"ర లెక్కపెడతాను" అంటుంది.
అడిగినవాళ్లు కిటికీ వైపు తిరుగుతారు.

అబద్ధమేం కాదు.
సోర్బు పల్లెల్లో కొందరు ముసలివాళ్ల ర
ఇంకా నాలుక కొసనే కొట్టుకుంటుంది, తూనీగ రెక్కలా.
పిల్లల ర ఎప్పుడో గొంతులోకి జారి
జర్మన్ ర పక్కన చాప వేసుకుంది.
ఎవరింట్లో మొదలైంది, ఏ పెళ్లితో,
ఏ బొగ్గుగని జీతంతో?
శకటరేఫని ఏ మలుపులో బండి దించేశామో
మనకి మాత్రం గుర్తుందా?

బుదిషిన్ నుంచి నలభై నిమిషాలు.
ఊరి పలక మీద పేరు రెండుసార్లు ఉంటుంది.
కిందిదాని మీద ఎవరో నల్లరంగు పూశారు,
ఎవరో సగం తుడిచారు.

వోర్షా త్సీజోవాకి ఎనభై మూడేళ్లు.
మైకు పెట్టేముందు, రొద పడుతుంది, ఫ్రిజ్ ఆపమంటే
"వెన్న కరిగితే మీ యూనివర్సిటీ కొనిపెడుతుందా?"
అంటూనే ప్లగ్గు పీకింది.

పదాల కార్డులు ఒక్కొక్కటే.
రూకా, చెయ్యి. రిబా, చేప. రానో, పొద్దున్నే.
రోవ్ దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఇవి ఎవరు రాశారు?"
"నేనే."
"ర కోసం ఇంకో మాటే దొరకలేదా పిల్లా,
సమాధి తప్ప?"
అని, చదివింది.
తెర మీద మూడు సన్నటి గీతలు.
లేయ్నా లోపల ఒక చిన్న పండగ.

మధ్యలో పోస్టుమాన్ వచ్చాడు.
గోడగడియారం తప్ప
వంటగది మొత్తం జర్మన్ అయిపోయింది.
అతను వెళ్లాక కూడా కాసేపు తిరిగి రాలేదు.
లేయ్నాకి అలవాటే. నాన్న జర్మన్.
ఆయన గడప తొక్కగానే అమ్మ
వాక్యం సగంలో భాష మార్చేసేది,
పొయ్యి మీది గిన్నె దించినంత తేలిగ్గా.

"మొన్న గాలికి కోళ్లగూడు కప్పు లేచిపోయింది,
మూయ్ ఎక్కి మేకులు కొట్టాం" అంది వోర్షా.
మూయ్, మేమిద్దరం.
మనం సంస్కృతం వాకిట్లోనే వదిలేసి వచ్చిన ద్వివచనం
అక్కడ కోళ్లగూటికి మేకులు కొడుతోంది.
లేయ్నా రాసుకుంది: భర్త కూడా ఉన్నారు.
"ఆయన్ని ఎప్పుడు కలవొచ్చు?"
"ఇందాక నువ్వు చదివించిన చోట ఉన్నాడు,
పదకొండేళ్లుగా."

మరి ఇద్దరెవరు?
పెరటి తలుపు తోసుకుని గుడ్లబుట్టతో బొగూషా వచ్చింది.
ఆరేళ్ల కిందట, ముసలామెని చూసుకోడానికి
నది దాటి వచ్చిన పోలిష్ మనిషి.
వాళ్ల భాషలో ఇద్దరి గది ఏనాడో కూలిపోయింది.
ఇక్కడికొచ్చి నేర్చుకుంది, తప్పులతో.
ఆమె ర మాత్రం
పుట్టుకతోనే నాలుక కొసన.

లేయ్నా పెన్ను ఆగింది.
ఈ మూడు గీతలు తాతలనాటివా,
ఆరేళ్లుగా ఒకే బల్ల దగ్గర తాగిన కాఫీవా?
"ఎప్పుడూ ఇలాగే అంటారా, ర?"
"ఎలాగ?" అంది వోర్షా.

ప్రొఫెసర్ ఎకెహార్ట్ ఒక్క వాక్యం రాశాడు:
నమూనా కల్తీ అయింది, తీసెయ్యి.
తీసేస్తే ఇరవై తొమ్మిది మంది మిగులుతారు.
ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు కూచుంది.

రాత్రి రికార్డు మొదటినుంచీ విన్నది.
అడిగేవాళ్ల మాటలు లెక్కలోకి రావు, అది నియమం.
అయినా వినబడింది.
మొదటి ప్రశ్నలో తన ర గొంతులోనే ఉంది.
నలభై మూడో నిమిషానికి, గుడ్లు లెక్కపెడుతూ,
ముగ్గురి నవ్వుల మధ్య,
రెక్క ఆడింది.
తనదే. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసుకుంది.

మూడోసారి తిప్పింది.
అక్కడే బొగూషా "వెన్న!" అని అరుస్తుంది,
ప్లగ్గు పెడుతుంది,
ఇక అంతా ఫ్రిజ్ రొదే.