ఊరుతున్న నీళ్లు

మా దేశానికి సముద్రం లేదు.
బ్ర్నోలో, నాలుగో అంతస్తులో,
మా ఇంటికి మాత్రం ఫిబ్రవరి తొమ్మిదిన వచ్చింది
పదిహేను కిలోల ఉప్పు బస్తాగా,
సరిగ్గా లిఫ్టు చెడిపోయిన రోజున.

స్నానాల తొట్టిలో కలిపాను దాన్ని,
కొత్త చెక్క గరిటెతో, మోకాళ్ల మీద కూచుని.
ఉప్పు పాలు తేల్చే గొట్టాన్ని కిటికీ వెలుగుకెత్తి
ఒక కన్ను మూసి చూశాను.
ముప్పై ఐదు.
నాలుక కొసన ఒక చుక్క వేసుకుంటే
ఇరవై ఏళ్ల కిందట క్రొయేషియా ఒడ్డున
లిబోర్ భుజం మీద ఎండిన రుచి.
(లిబోర్ ఇప్పుడు ఓస్ట్రావాలో, ఇంకెవరి వంటింట్లోనో.)

రాళ్లను తడి పత్రికలో చుట్టి ఇచ్చాడు కొట్టు హినెక్.
"ఇవి బతికున్నవి, జాగ్రత్త."
ట్రామ్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు తీగలు కలిపినదాన్ని.
బతికున్నదంటే నాకు తెలిసిన అర్థం ఒకటే:
ముట్టుకోకూడదని.

అయినా ముట్టుకున్నాను.

మొదటి వారం ఇల్లంతా చచ్చిన వాసన.
పరీక్ష గొట్టంలో పసుపు ముదిరి ఆకుపచ్చ.
కింది అంతస్తు క్రిష్టోఫ్, ఆరేళ్లవాడు,
సాయంత్రం చెప్పులు విప్పకుండానే వచ్చి
"చేప ఏదీ?"
"రాలేదింకా."
"మరి ఈ దీపం ఎవరికి?"

మూడో వారం ఇసుక మీద గోధుమరంగు,
ఎవరో కోకో పొడి జల్లెడ పట్టినట్టు.
రాత్రి పాత పళ్ల బ్రష్షుతో తోమి పడుకున్నాను.
తెల్లారితే మళ్లీ అంతే.
పాచి ముఖంతో నేను, పాచి ముఖంతో అది,
ఒకరినొకరం చూసుకున్నాం.

"ఊరాలి వ్లాస్తా, నీళ్లు ఊరాలి" అన్నాడు హినెక్ ఫోన్లో.
"క్యాబేజీ జాడీని మీ అమ్మమ్మ రోజూ తెరిచి చూసేదా?"
చూసేది కాదు.
మూత మీద రాయి పెట్టి, వీపు తిప్పేది.

ఏప్రిల్లో పచ్చ వెంట్రుకలు, దువ్వెన ఎరగనివి.
వాటి వెనక ఎర్రటి జిగట దుప్పటి,
దీపం వెలిగితే పరుచుకునేది, ఆర్పితే ముడుచుకునేది,
మధ్యాహ్నాలు బుడగలు విడిచేది.
ఇలాంటి జిగటే ఒకప్పుడు
ఈ లోకానికి ఊపిరి పోసిందట.
మంచిదే.
నా సోఫా ఎదురుగానే పోయాలా?

మే నెలలో ఒక రాత్రి ఓపిక అడుగంటింది.
పంపు కట్టేశాను. గొట్టం వేశాను. బకెట్ పెట్టాను.
మూడు నెలల తర్వాత గదిలో మొదటిసారి నిశ్శబ్దం.
మట్టం చూద్దామని టార్చి వేస్తే
అద్దం మీద చుక్కలు,
ఆవగింజలో పదోవంతు.
చుక్కలు కదిలాయి.
ఆగాయి. గెంతాయి.
నేను కొన్నవి కావు. నేను వేసినవి కావు.
నన్నడగకుండా కాపురం పెట్టినవాళ్లు.

ఒక బకెట్ అప్పటికే తోడేశాను.
అందులో ఎంతమంది ఉన్నారో.
చెయ్యి వణక్కుండా, రాతి మీదుగా,
మెల్లగా తిరిగి పోశాను.
ఒంటి గంట దాకా పట్టింది.

జూన్లో పంపు మెడ మీద గులాబీ మచ్చ.
గోళ్ల రంగు చిందిందనుకుని గీకాను, రాలేదు.
ఎప్పటికీ రాదట, అది సున్నంగా మారే నాచట.
ఎర్ర దుప్పటి ఎప్పుడు పోయిందో
నేను చూడలేదు. ఆ వారం పంటి నొప్పి.

క్రిష్టోఫ్ ఇప్పుడు చేప అడగడం మానేశాడు.
లోపల నత్త పాచి మేస్తూ వదిలిన వంకర దారిని
బయట వేలితో వెంబడిస్తాడు, నోరు తెరుచుకుని.
అద్దం మీద వాడి ముక్కు మరక.
తుడవాలి ఎప్పుడైనా.

నిన్న హినెక్ ఫోన్.
"రెండు చేపలొచ్చాయి, చారలవి. ఉంచనా?"
"అడిగి చెప్తాను" అన్నాను.
ఎవరినని అతను అడగలేదు.