తరుగు

కాశీబుగ్గలో మా జీడిమిల్లు కాటాకి
నా సంగతి మొత్తం తెలుసు.
శనివారం కూలి లెక్కలయ్యాక
బస్తాలు తూచే ఆ ఇనప పలక మీద
చెప్పులిప్పి ఎక్కుతాను.
కూర్మారావు కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి చూస్తాడు.
అంకె పైకి చదవడు, అదొక్క మర్యాద.
చీటీ మీద రాసి, మడిచి, చేతిలో పెడతాడు.

మాఘమాసంలో ఎనభై ఒకటీ నాలుగొందలు.
ఆషాఢం దాటేసరికి డెబ్భై ఎనిమిదీ తొమ్మిదొందలు.
ఆరు నెలలు. రెండున్నర కిలోలు.
రోజూ పది కిలోల పప్పు వలిచే చేతులకి
రెండున్నరంటే ఏటి?
పొద్దున్న టీ లోపు పని.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ పది తగ్గమంది.
సుగరు చీటీ వెనకాలే రాసిచ్చింది:
నడక, చోడంబలి, అన్నం ఒక గంటె.
ఒక గంటె కింద గీత కూడా కొట్టింది.
గంటె ఎంతదో రాయలేదు.
మా ఇంట్లో మూడున్నాయి.
మొదటి నెలంతా పెద్దదాన్నే నమ్ముకున్నాను.

రాత్రి పొయ్యి కట్టేశాక
అనుమానం వచ్చి పీట వాల్చుకుని కూర్చుంటుంది.
దానిది మా పిన్నత్త గొంతు.
"మీ యమ్మ ఒళ్ళే నీదీను, ఢిల్లేస్సరీ.
ఆ ఒళ్ళు సన్నబడదు. ఎందుకే ఈ తిప్పలు?
మిగిలిన పిడికెడన్నం కుక్కకేసీకంటే
నువ్వు తినీరాదేటి?"
కొన్ని రాత్రులు తిన్నాను.
అది కూడా చెప్పాలి,
లేకపోతే ఇదంతా దొంగ తూకం.

మిల్లులో తులసమ్మ
నన్ను పైనించి కిందికోసారి చూసి
"ఏటీ తగ్గినట్టు లేవే" అంటుంది, రోజూ.
ఎదురు చెబుదామంటే
పోయిన ఆ రెండున్నర కిలోలు
ఎక్కణ్ణించి పోయాయో నాకే తెలీదు.
చెవి తమ్మెల్లోంచా? మడమల్లోంచా?

గవరప్ప నాకు పొట్టు తియ్యడం నేర్పిన రోజుల్లో
పదిహేడేళ్ళ నాకు అన్నీ తొందరే.
గుండుపప్పు మీద కత్తి కాస్త నొక్కితే చాలు,
టక్కున బద్దయ్యేది, బద్ద ముక్కయ్యేది,
ముక్కకి కూలి సగం.
"దాన్ని తిట్టకే గుంటా,
పొట్టు దానంతటదే వదుల్తాది.
నువ్వు వేలు కదుపుతా ఉండు."
గవరప్ప పోయి నాలుగేళ్ళు.
వేలు కదపడం మాత్రం నాకు బాగా వచ్చు.

శ్రావణంలో మొదటి శనివారం చీటీ విప్పితే
మూడొందల గ్రాములు పెరిగాను.
కళ్ళలో నీళ్ళు. బట్టీ పొగ అన్నాను.
కూర్మారావు నా వంక చూడకుండా
ఇంకో బస్తా కాటా మీదికి లాగుతూ
"తరుగు తియ్యలేదు కదమ్మా" అన్నాడు.
"ఏ తరుగు?"
"గోనెకి తీస్తాం. ట్రేకి తీస్తాం. తడికి తీస్తాం.
వర్సాల్లో సరుకు తడి పట్టీసుంటాది.
మడిసికి తియ్యమేటి?"
అది ఓదార్పో, ఉత్త లెక్కో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

సోమవారం తెల్లారకట్ల నడక.
పలాస స్టేషన్ పైవంతెన మెట్లు.
సగంలో మలుపు దగ్గర ఎప్పుడూ ఆగుతాను,
కమ్మీ పట్టుకుని, రైలు చూస్తున్నట్టు.
రైలు లేని రోజు కూడా చూస్తాను.
పాలు పోసే కుర్రాడి దగ్గర, టీకొట్టు దగ్గర
ఢిల్లేశ్వరికి రైళ్ళంటే పిచ్చని పేరు.

ఆ రోజూ ఆగాను.
కమ్మీ పట్టుకున్నాను.
ఊపిరి కోసం చూశాను,
అది నాతో పాటే ఎక్కొచ్చి పక్కన నిలబడి ఉంది.
రొమ్ములో కొలిమి లేదు. మోకాలు గొణగలేదు.
ఏం చెయ్యాలో తెలీక
నిజంగానే రైలు చూశాను.
గూడ్సు బండి, బరంపురం వైపు,
ఎంత మెల్లగా పోతోందంటే
పెట్టెలు లెక్కపెట్టొచ్చు.
యాభై మూడు దాకా పెట్టి,
మిల్లుకి ఆలస్యమవుతుందని
మిగతా మెట్లు ఎక్కేశాను.

ఆ రాత్రి చిన్న గంటెతో వడ్డించుకున్నాను.
చెయ్యి అలవాటుగా మళ్ళీ గిన్నెవైపు పోయింది.
వెనక్కి తెచ్చుకున్నాను,
ఆ ఒక్కసారికి.
శనివారం మళ్ళీ చెప్పులిప్పాలి.