కామా

ఇంటర్నేషనల్ సిటీ, చైనా క్లస్టర్.
మెట్ల కింద మా టైపింగ్ సెంటర్.
ఏసీ నీళ్లు పడే బకెట్ పక్కన నా కుర్చీ.
పద్నాలుగేళ్లుగా మనుషుల్ని గడుల్లో నింపుతున్నాను:
పేరు, తండ్రి పేరు, మతం, జాతీయత.

లిన్ షూఫెన్ డ్రాగన్ మార్టులో బాల్ బేరింగులు అమ్ముతుంది.
ఆమె వచ్చిన ప్రతిసారీ
జాతీయత గడి దగ్గర నా మౌసు తడబడుతుంది.
కొన్ని ఫారాల్లో ఆమె దీవి తన పేరుతో తానుంటుంది.
కొన్నింట్లో పేరు పక్కన కామా,
కామా వెనక పెద్ద దేశం.

"కామా వద్దు" అంటుంది, బజారు హిందీలో.
"సిస్టమ్ తీసుకోదు మేడమ్."
కోపగించుకోదు.
అన్నంలో రాయిని చూసినట్టు చూస్తుంది దాన్ని.

పక్క షాపు గావోది. వెన్‌జౌ మనిషి. జిప్పులు, తాళాలు.
మధ్యాహ్నం ఇద్దరూ ఒకే గిన్నెలోంచి నూడుల్స్ తింటారు,
ఒకే భాషలో కస్టమర్లను తిట్టుకుంటారు.
ఆమె జ్వరంతో పడుకున్న మూడు రోజులూ
షట్టర్ ఎత్తింది గావోనే.
"మాది ఒకే ఇల్లు" అంటాడు నాతో,
రెండు అరచేతులూ కలిపి చూపిస్తూ.
ప్రేమగానే అంటాడు.
నాకు భయమేసేది అక్కడే.

ప్రతి జనవరిలో అతను క్యాలెండర్లు పంచుతాడు.
ఎర్ర అంచుల మ్యాపు,
సముద్రంలోకి తెగి తెగి సాగిన గీత.
షూఫెన్ దాన్ని పారేయదు, కౌంటరు వెనక తగిలిస్తుంది.
దీవి పక్కన నీళ్ల మీద మాత్రం
ఒక ధర స్టిక్కరు: పద్నాలుగు దిర్హమ్‌లు.
ఏటా అదే చోట.
గావో ఎప్పుడూ అడగలేదు.
అడగకపోవడం ఒప్పందమో,
అతనికి నిజంగానే కనబడదో.

నిన్న నన్నడిగింది, "నీది ఎక్కడ?"
పిన్ను కొట్టిన నా రెండు పాస్‌పోర్టులు తీశాను.
పాతదాంట్లో మోర్తాడ్, ఆంధ్రప్రదేశ్.
కొత్తదాంట్లో మోర్తాడ్, తెలంగాణ.
"ఇల్లు మారావా?"
నేను మారలే మేడమ్. ఊరు జరగలే.
నేనిక్కడ గడులు నింపుతుండంగ
కామా వెనకది మారింది.
"యుద్ధమా?"
కాదు. రోడ్ల మీద వంటలు, బందులు.
పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు.
ఆఖరికి ఓ కాయితం.
"భాష?"
ఒక్కటే.

"ఒక్కటే" అంది తనలో తాను, రెండుసార్లు.
రెండూ ఒకటి కావని చెప్పాలనుకున్నాను.
మాకు గీత పడితే నీళ్ల పంచాయతీ మిగిలింది.
ఆమెకు గీత చెరిపితే ఏం మిగులుతుందో
ఏ ఫారంలోనూ గడి లేదు.
చెప్పలేదు. ప్రింటు నొక్కాను.

ఎనభై దిర్హమ్‌లు లెక్కపెట్టి ఇచ్చింది.
కాగితాన్ని సరిగ్గా కామా మీద
బొటనవేలు వచ్చేలా పట్టుకుని
భుజంతో అద్దం తలుపు నెట్టింది.

బయట గావో వ్యాను, ఇంజను ఆపలేదు.
ఆమె ఎక్కగానే
ఏసీ గాలి ఆమె వైపు తిప్పాడు.