పాత లాండ్రీ గది

తెల్లవారుజాము నాలుగున్నర.
హ్యూస్టన్‌లో కౌంటీ ఆసుపత్రి వెనకవైపు,
వంటగదికీ శవాల గదికీ మధ్య
ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన గది.
నేల ఇంకా తూము వైపే వాలి ఉంటుంది.
ముసురు పట్టిన రోజు గోడల్లోంచి
గంజి వాసన వస్తుంది.

నా పని నీళ్ళు చూడటం.
ఎవరూ రాకముందే
బొగ్గు ట్యాంకు దాటిన నీటిని చిన్న సీసాలో పట్టి
క్లోరిన్ మందు కలిపి
ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి చూస్తాను.
గులాబి రంగు తిరిగిందా, ఆ పూట ఎవర్నీ కూర్చోనివ్వకూడదు.
తిరగకపోతే సంతకం: తామాడ దమయంతి.
ఒక్కో మనిషికి నూట ఇరవై లీటర్లు.
రోజంతా లీటరుకి మించి తాగకూడని మనుషులు వాళ్ళు.

ఈ గది లేనప్పుడు
అందరూ ఎమర్జెన్సీ గుమ్మంలో కూర్చునేవాళ్ళు.
కాగితాలు లేనివాడికి
చావు దగ్గరపడితేనే మిషను, అదీ రూలు.
పొటాషియం ఆరున్నర దాటాలి,
లేదా ఊపిరి అందకూడదు.
ఆరు పాయింట్ రెండు వస్తే
"ఇంకా ఫర్వాలేదు, వెళ్ళి రా" అనేవాళ్ళు,
మర్యాదగానే.

ఇళ్ళ కప్పులు వేసే యూసేబియో
పార్కింగ్ లాట్‌లో తన ట్రక్కు చాటున నిలబడి
అరటిపళ్ళు తినేవాడు.
ఒకటి. రెండు. మూడు.
ఆకలికి కాదు, అంకె పెరగడానికి.
ఎక్కువైతే గుండె ఆగుతుంది,
తక్కువైతే తలుపు తెరుచుకోదు.
ఆ లెక్క అతనికి డాక్టర్లకంటే బాగా వచ్చు.

మా కవిటి పక్క జీడితోటల్లో
ఈ జబ్బు ఇంటింటికీ తెలుసు.
ఎవరి కాళ్ళు వాచాయో చెప్పులు చూసి చెప్పేవాళ్ళం.
మా డ్రిల్లు మాస్టారు వారానికి రెండుసార్లు
విశాఖ వెళ్ళొచ్చి మరీ విజిలు ఊదేవాడు.
ఒక సోమవారం విజిలు బీరువాలోనే ఉండిపోయింది.
అందుకే కాబోలు, ఈ ఊళ్ళోనూ
నా చూపు ముందు పాదాలమీదికే పోతుంది.

ఈ గది ఎలా వచ్చిందంటే
ఎవరూ ఒక్క పేరు చెప్పరు.
చర్చి వెనక శుక్రవారాలు చేపలు వేయించి అమ్మారు.
టైల్స్ పరిచినవాళ్ళు కూలి తీసుకోలేదు.
మిసెస్ హ్రుష్కా తన భర్త బార్బర్ షాపు అమ్మేసి
ఒక మిషను కొనిచ్చింది.
దానిమీద ఆయన పేరు వద్దంది,
షాపులో ఉండే బోర్డు తెచ్చి అంటించింది:
"కదలకండి, అయిపోవచ్చింది."

కౌంటీ బోర్డు మూడు ఓట్లకి రెండుతో ఒప్పుకుంది.
వద్దన్న ఇద్దరిలో ఒకాయన
ప్రారంభోత్సవానికి వచ్చి, కేకు తిని,
కరెంటు ఎంతవుతుందని నన్నడిగాడు.
చెప్పాను.
ఎమర్జెన్సీలో ఒక్క రాత్రికి ఎంతవుతుందో అదీ చెప్పాను.
ఆయన ఇంకో ముక్క కేకు తీసుకున్నాడు.

ఇప్పుడు మంగళ, గురు, శని
నాలుగో కుర్చీ యూసేబియోది.
సూదులు గుచ్చేటప్పుడు నర్సు బెర్నడెట్‌తో
ఫుట్‌బాల్ తగువు. తర్వాత నిద్ర.
నోరు తెరిచి, గురక పెట్టి,
ఎవరికీ ఏ అంకే చూపించక్కర్లేని నిద్ర.
మొన్న నవ్వుతూ అన్నాడు,
అరటిపండు వాసనొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందట.

ఆరు కుర్చీలు, రెండు విడతలు, ఇరవై నాలుగు మంది.
తలుపు వెనక జాబితాలో ఇంకో నలభై ఒక్క పేర్లు,
పెన్సిలుతో.
చెరపాల్సి వస్తుంది కదా.
రెండు రకాలుగా చెరపాల్సి వస్తుంది.

ఇవాళ వస్తూంటే
బస్ స్టాప్ బెంచీమీద ఎవరో ఆడమనిషి.
తెలీని మొహం.
చెప్పుల పట్టీలు చివరి రంధ్రం దాకా వదులు చేసి ఉన్నాయి.
ఒళ్ళో పెట్రోలు బంకు సంచి.
పండు ఒలుస్తోంది,
నెమ్మదిగా, దొంగతనం చేస్తున్నట్టు.

సీసా ఎత్తి పట్టుకున్నాను.
రంగు తిరగలేదు.
సంతకం పెట్టి,
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
బయటికి నడిచాను.